ముందు కుడి చక్రం

దేవకరన్ అబద్ధం చెప్పి నా భూమి తీసుకున్నాడు. మా దీవిలో, సెయాంగాంగా కొండల్లో ఎవరిని అడిగినా వాడు మంచివాడనే అంటారు. చేసిన తప్పు నలుగురి ముందు తల వంచి ఒప్పుకున్నాడని మెచ్చుకుంటారు. ఒప్పుకున్న మాట నిజమే. అబద్ధం ఉన్నది అందులోనే.

నేను ఆరో తరగతి సగంలో వదిలేసి చెరకు నరకడానికి వచ్చినవాణ్ణి. తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ వాణ్ణి పొగడకండి.

తొంభై తొమ్మిది సీజను అది. మా నాన్న పేరున ఉన్న ముప్పై ఏళ్ల కౌలు ఆ డిసెంబరుతో ముగుస్తుంది. భూమి ఇలైతియా పెద్దాయన వంశానిది. వాళ్ళ వాళ్ళలో పెద్దలంతా మళ్ళీ ముప్పై ఏళ్లకి సంతకాలు పెట్టారు. వంశానికి పెద్ద కాబట్టి ఆయన సంతకం ఆఖరున పడాలి. అది మాత్రం ఇంటి దగ్గర పెట్టనన్నాడు.

"మీ నాయనకి ఇచ్చినప్పుడు లంబాసా భూముల ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు లచ్చూ. టీ ఇచ్చారు. నీ ఇంట్లో చాప మీద పెడితే నాకు టీ ఎవడిస్తాడు?" అన్నాడు.

"మా గోవిందమ్మ ఇస్తుంది పెద్దాయనా."

"మీ ఆవిడ టీలో పాలని వెతుక్కోవాలి. సోమవారం నీ లారీ మీద వస్తా."

లారీ మీదే వస్తాడు ఎప్పుడూ. బస్సు పడదాయనకి. లారీలో ఎత్తున కూర్చుని, దారిలో కనబడ్డ ప్రతివాడికీ చెయ్యి ఊపుతూ పోవడం ఇష్టం.

లారీ మా నాన్న కొన్నది. పాత ఇంగ్లీషు లారీ, నా పెళ్ళి కన్నా పెద్దది. చెరకు రసం కారి కారి కింద బ్రేకు పైపులన్నీ పొక్కులెత్తి తుప్పు పట్టాయి. జూలైలో వెనక ఎడమ చక్రానికి పోయే పైపు పగిలింది. డ్రైవరు దేవకరన్ దారిలోనే ఆ పైపుని మడిచి, సుత్తితో నలగ్గొట్టి, తీగ చుట్టేశాడు. నూనె అటు పోదు, మిగిలిన మూడు చక్రాలకీ బ్రేకు ఉంటుంది. మా కొండల్లో సీజనులో అందరూ చేసే పనే అది. మిల్లులో వంతు తప్పితే కోసిన చెరకు ఎండలో పడి బరువు పోతుంది. ఏ రిపేరైనా సీజను అయ్యాక చూసుకుందామనుకుంటారు. అలా రెండు నెలలు మూడు చక్రాల మీద దిగింది నా లారీ.

పెద్దాయన ఎక్కుతాడంటే నాకు మనసొప్పలేదు. శనివారం లారీ ఆపేసి పైపులన్నీ మార్చాలనుకున్నాను.

"నాలుగూనా? పగిలింది ఒకటే గదన్నా" అన్నాడు దేవకరన్.

"ఒకటి పగిలిందంటే మిగతావి నీ కోసం ఆగుతాయా?"

"మూడు చక్రాలతో రెండు నెల్లు తోలాను. మూడు కాళ్ళ పీట మీద మా అమ్మ జీవితమంతా కూర్చుంది."

"నోరు మూసుకుని జాకీ పట్రా."

పైపు చుట్ట లంబాసా పట్నం నుంచి తెచ్చాను. పాత పైపులు విప్పుతుంటే కొన్ని నట్లు రాలేదు, వాటిని కోసి తీయాల్సి వచ్చింది. పాతది పక్కన పెట్టి, దాని వంపులు చూసుకుంటూ, కొత్త పైపుని ఖాళీ సీసా చుట్టూ మెల్లిగా వంచాను. మోకాలికి ఆనించి వంచితే పైపు నొక్కుకుపోతుంది. కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, నట్టు ఎక్కించి, బిగింపులో పెట్టి మూతి వెడల్పు చేశాను. నట్టు ముందే ఎక్కించకపోతే మళ్ళీ మొదలు నుంచి చెయ్యాలి. ఒకసారి అలాగే చేశాను, దేవకరన్ నవ్వాడు. ఛాసిస్‌కి రాసుకునే చోటల్లా పాత ట్యూబు రబ్బరు చుట్టాను. మధ్యాహ్నం మూడింటికి నాలుగు పైపులూ పడ్డాయి. అంత శుభ్రమైన పని ఆ లారీకి ఎప్పుడూ జరగలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

ఇక గాలి తీయాలి. కొత్త పైపుల నిండా గాలే ఉంటుంది. గాలి ఉన్నంతసేపూ పెడల్ తొక్కితే దూది తొక్కినట్టుంటుంది. దానికి ఇద్దరు కావాలి, తొక్కేవాడొకడు, కింద చక్రం లోపల గాలి వదిలే నిపుల్ తిప్పేవాడొకడు. దేవకరన్ని తొక్కమందామనుకునేసరికి పెద్దాయన వచ్చాడు, చంకలో నంగోనా వేరు పొడి పొట్లంతో, నీళ్ళలో కలుపుకుని తాగే మత్తు వేరు అది.

"నేను తొక్కుతా. వాణ్ణి నంగోనా కలపమను. వాడు కలిపితే చేదు సరిగ్గా ఉంటుంది" అని లారీ ఎక్కి కూర్చున్నాడు. "ఏది లచ్చూ? ఈ చివరిదా?"

"మధ్యది పెద్దాయనా. చివరిది తొక్కితే మా ఇల్లు పడిపోద్ది."

"ఇంజను ఆపి ఉంది గదరా, ఎట్టా పడుద్ది? నన్ను అడివిలోంచి ఇప్పుడే వచ్చాననుకున్నావా?"

"నేను తొక్కమంటే మూడుసార్లు తొక్కి, నాలుగోసారి నొక్కి పట్టుకో. నేను బిగించానని చెప్పేదాకా కాలు తీయకు. తీశావంటే బయటి గాలి లోపలికి లాగేసుకుంటుంది."

"మా ఆవిడ కూడా ఇట్టాగే చెప్పేది. చెప్పేదాకా లేవకు, చెప్పేదాకా తినకు" అని పైనుంచి నవ్వాడు.

దూరపు చక్రంతో మొదలుపెట్టాలి. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి డ్రైవరు కిందున్న ముందు కుడి. నిపుల్‌కి సన్న రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస నూనె పోసిన సీసాలో ముంచాను. ఆయన నొక్కి పట్టగానే నేను పావు తిప్పు వదులుతాను. నూనె బుసకొట్టి, సీసాలో బుడగలు లేస్తాయి. పెడల్ నేలకి జారుతుంది. నేను బిగిస్తాను. మళ్ళీ అదే. మధ్యమధ్య డబ్బాలో నూనె తగ్గకుండా పోసుకోవాలి. ఒక్కో చక్రానికి పది పన్నెండు సార్లు. ఆయన లెక్క తప్పలేదు, కాలు తీయలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి.

మూడు చక్రాలూ అయిపోయాయి. నాలుగోదాని కింద పడుకున్నాను. సీసాలో బుడగలు ఆగాయి. శుభ్రమైన నూనె వస్తోంది. నిపుల్ వేళ్ళతో మూసి, ఆఖరి బిగింపుకి స్పానర్ పెట్టబోతున్నాను. సరిగ్గా అప్పుడే చాప దగ్గర నుంచి దేవకరన్ చప్పట్లు చరిచాడు.

"చిప్ప నిండింది పెద్దాయనా!"

మా దగ్గర అది తెలియనివాడు లేడు. గిన్నెలో నంగోనా కలిపి మొదటి కొబ్బరి చిప్ప నింపి ఎత్తాక, అది పెద్దవాడి కోసం ఆగకూడదు. పెద్దవాడే దాని కోసం రావాలి. ఆయన తాగేదాకా ఇంకెవ్వరూ తాగరు. ఆయన పెడల్ వదిలి దిగిపోయాడు. నిపుల్ మూసే ఉంది కాబట్టి గాలి లోపలికి పోలేదు. అంతవరకు బాగానే ఉంది.

"ఒక్క తిప్పు ఉంది పెద్దాయనా, ఇప్పుడే వస్తా" అన్నాను లారీ కింద నుంచి.

"రెండో చిప్ప నీదే. చిప్పని నిలబెడతావురా లచ్చూ? రా."

సోమవారం సంతకం పెట్టాల్సిన మనిషి రమ్మంటున్నాడు. స్పానర్ చక్రం మీద పెట్టి బయటికి వచ్చాను. చాప మీద మఠం వేసుకుని, ఒకసారి చప్పట్లు చరిచి, రెండు చేతుల్తో చిప్ప అందుకుని తాగాను. నాలుక మొద్దుబారింది. ఆయన మా నాన్న సంగతులు చెప్పాడు, మా నాన్న మొదటి నాగలి, వరదకి కొట్టుకుపోయిన ఎద్దు, ఆయనే ఈది తెచ్చిన సంగతి. ఒక గిన్నె అయ్యాక ఇంకోటి కలిపారు. పొద్దు వాలేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. అందరూ వెళ్ళిపోయాక లేచి, చక్రం మీదున్న స్పానర్ తీసి పెట్టెలో పెట్టాను. పెట్టెలో పెట్టినట్టు నాకు బాగా గుర్తుంది. సీసా, గొట్టం కూడా కడిగి పెట్టాను. పని అయిపోయినవాడిలా చేతులు కడుక్కున్నాను.

ఆదివారం గోవిందమ్మ వాకిలి ఊడుస్తూ, "ఏమయ్యా, ముందు చక్రం కింద నూనె మచ్చ ఉంది" అంది.

"నిన్న కారింది. ఊడ్చెయ్."

"నిన్న కారింది నిన్న చూశాను. ఇది తడిగా ఉంది."

"లారీ నీదా నాదా?"

అంతే. ఆవిడ మట్టి చల్లింది.

సోమవారం తెల్లారి లంబాసా మిల్లుకి చెరకు లోడుతో లారీ సిద్ధం. దేవకరన్ ఎక్కి పెడల్ రెండుసార్లు తొక్కాడు.

"రాయిలా ఉందన్నా! పెళ్ళికొడుకు గుండెలా గట్టిగా ఉంది. నిపుళ్ళు నాలుగూ బిగించావు గదా?"

"బిగించకుండా సీసా తీస్తానా?"

"అడిగానంతే."

"మడిచిన పైపుతో రెండు నెలలు తిరిగినోడివి, నువ్వు నన్ను అడుగుతావా?"

వాడు నవ్వాడు. నాకప్పుడు గుర్తు రాలేదా అని అడిగితే, ఏం చెప్పను. ఎక్కడో గుచ్చుకుంది. దిగి చూడాలంటే వాడి ముందు చక్రం కింద పడుకోవాలి. పడుకోలేదు.

పెద్దాయన తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసిన నల్ల లుంగీ కట్టుకుని వచ్చాడు. కళ్ళజోడు రుమాల్లో చుట్టుకున్నాడు. "సంతకం బొటనవేలితో కాదు, పేరు రాస్తా ఈసారి. నేర్చుకున్నా" అన్నాడు. ఎడమ సీటులో కూర్చున్నాడు. మధ్య సీటు స్ప్రింగులు విరిగి ఉన్నాయి, కాగితాలు పట్టుకుని నేను వెనక బస్సులో వస్తానన్నాను. గేటు దాటుతూ నాకూ చెయ్యి ఊపాడు, దారిలో అందరికీ ఊపినట్టే.

వేళ్ళతో మూసిన నిపుల్ మొదట గట్టిగానే ఉంటుంది. తొక్కినప్పుడల్లా కొంచెం కక్కుతుంది. ఆ పాత లారీకి నాలుగు చక్రాలకీ నూనె డబ్బా ఒకటే. పది మైళ్ళ దిగుడు, రాళ్ళ దారి, ఎన్నిసార్లు తొక్కి ఉంటాడో. డబ్బా ఖాళీ అయింది. పెద్ద దిగుడు మొదట్లో పెడల్ నేలకి పోయింది. చిన్న గేరు వెయ్యబోతే పడలేదు. కుడివైపు లోయ. ఎడమవైపు ఎర్రమట్టి గట్టు. గట్టుకి కొట్టాడు.

ఎడమవైపు కొట్టాడు. ఎన్నోసార్లు అనుకున్నాను ఆ మాట. లోయవైపు పోతే ఇద్దరూ పోయేవాళ్ళు, తెలుసు. తెలిసినా అనుకుంటాను.

మా బస్సు ఆగిపోయింది. దారంతా చెరకు. లారీ ముక్కు గట్టులో దిగి ఉంది. ఎడమ తలుపు లేదు, ఆ చోట మట్టీ రేకూ కలిసిపోయాయి. పెద్దాయన్ని ఎవరో దింపి, గట్టు కింద పడుకోబెట్టి, కళ్ళజోడు చుట్టుకున్న ఆయన రుమాలే ముఖం మీద కప్పారు. బస్సులోని ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. దేవకరన్ దారి పక్కన కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

నేను ముందు పెద్దాయన దగ్గరికి పోలేదు. ముందు కుడి చక్రం దగ్గరికి పోయాను.

చక్రం లోపలంతా తడి. తడి మీద ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. వంగి నిపుల్ పట్టుకున్నాను. రెండు వేళ్ళకి తిరిగింది. సీటు వెనక పెట్టెలోంచి స్పానర్ తీసి బిగించాను. చొక్కా అంచుతో తుడిచాను. తల ఎత్తేసరికి దేవకరన్ నన్నే చూస్తున్నాడు.

స్పానర్ పెట్టెలో పెట్టేశాను.

పోలీసుల మనిషి వచ్చి చూశాడు. డబ్బా ఖాళీ, పైపులు కొత్తవి, నిపుళ్ళు బిగువుగా ఉన్నాయి. పాత బండి, ఎక్కడో రబ్బరు పోయి ఉంటుందని రాసుకుని వెళ్ళాడు.

పైపు మడిచి మూడు చక్రాల మీద ఆ లారీ రెండు నెలలు దిగింది. నేను బాగుచేశాక ఒక్కసారే దిగింది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా దగ్గర అందరికీ తెలుసు, ఏ కులం వాడైనా. తిమింగలం పన్ను ఒకటి పట్టుకుని చచ్చినవాడి ఇంటికి పోవాలి. గుమ్మం దగ్గరే కింద కూర్చుని, తల వంచి, రెండు చేతుల్తో పన్ను ముందుకు పెట్టి, నేను చేసిన తప్పు ఇదీ అని చెప్పాలి. వాళ్ళు పన్ను తీసుకుంటే తప్పు మట్టిలో పూడ్చినట్టే. ఆ తర్వాత పగ ఉండదు. ఎవడూ ఎత్తి చూపకూడదు.

"రేపే పో" అంది గోవిందమ్మ.

"పోయి ఏం చెప్పను?"

"నాకెందుకు, నీకు తెలీదా? ఆదివారం నేను మట్టి చల్లిన చోటు చెప్పు."

"చెబితే సంతకం?"

"చెప్పకపోతే సంతకం?"

నాకు కోపం వచ్చింది. పన్ను దొరకాలి గదా అన్నాను. లంబాసా వెళ్ళి పన్ను కొని తెచ్చాను. తెచ్చి బట్టలో చుట్టి పెట్టెలో పెట్టాను. పాతిపెట్టడం అయిపోనీ అనుకున్నాను. అదీ అయిపోయింది. ఇంకొక్క రోజు అనుకున్నాను.

ఆ ఒక్క రోజులో దేవకరన్ వెళ్ళాడు.

చెయ్యి మెడకి కట్టుకుని, మాట్లాడిపెట్టే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాడట. చెయ్యి ఒకటే కాబట్టి పన్నుని ఒడిలో పెట్టుకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయాడట. "మొదటి వంతెన దగ్గరే పెడల్ మెత్తబడింది. నాకు తెలిసింది. ఆపితే మిల్లులో వంతు పోతుందని ఆపలేదు. పెద్దాయన్ని చంపింది నేనే" అన్నాడట. పెద్దాయన తర్వాత వంశానికి పెద్దయిన ఆయన తమ్ముడి కొడుకు సకియూసా పన్ను తీసుకున్నాడు. ఆడవాళ్ళు వాడి తల నిమిరి ఏడ్చారు. అన్నం పెట్టారు.

పెడల్ వంతెన దగ్గర మెత్తబడలేదు. దిగుడులో ఒక్కసారే పోయింది. ఆ రోజు గట్టు పక్కన వాడి నోటితోనే బస్సు డ్రైవరుకి చెబుతుంటే విన్నాను.

రెండు రోజులాగి నేను వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని, తల వంచి, పన్ను ముందుకు పెట్టాను. నా తరఫున మాట్లాడే మనిషి ముసలాయన గొప్పతనం, మా నాన్న స్నేహం అంతా చెప్పాడు. సకియూసా విన్నాడు. పన్ను ముట్టుకోలేదు.

"లచ్చుమయ్యా, మా పెద్దనాన్న పోయినందుకు బాధతో వచ్చావా? తప్పు చెప్పడానికి వచ్చావా?"

"లారీ నాది గదా."

"లారీ నీదని తెలుసు. దేవకరన్ తన తప్పు చెప్పుకున్నాడు. అది పూడ్చేశాం. నీ తప్పేంటో చెప్పు, అదీ పూడుస్తాం."

చాప అంచున నీలం దారం కుట్టు ఉంది, దాన్నే చూస్తున్నాను. మాట నాలుక దాకా వచ్చింది. నిపుల్. స్పానర్. ఒక్క తిప్పు. మీ పెద్దనాన్న చిప్ప కోసం పిలిచాడు, వెళ్ళాను. ఇంతే చెప్పాలి. దేవకరన్ కూడా అక్కడే ఉన్నాడు, ఇంటి మనిషిలా గోడకి ఆనుకుని కూర్చుని. వాడి ముందు వంగి మళ్ళీ ఆ చక్రం కింద పడుకోవాలి.

"నా తప్పేం లేదు. బాధతో వచ్చాను" అన్నాను.

సకియూసా పన్నుని రెండు చేతులతో, మర్యాదగానే, నా వైపు జరిపాడు.

"బాధకి చాప చాలు, కూర్చో. నంగోనా తాగు. ఈ పన్ను తప్పుకి. తప్పు లేనివాడి దగ్గర మేం తీసుకోం."

బయట దేవకరన్ని పట్టుకున్నాను.

"అబద్ధం ఎందుకు చెప్పావురా?"

"ఎవరో ఒకరు చెప్పాలి గదన్నా. మూడు రోజులు చూశా. నువ్వు వస్తావనుకున్నా."

"నువ్వు చూశావు. నేను బిగించడం చూశావు."

"చూశా."

"మరి అది చెప్పకపోయావా?"

"అది నీది. నీది నేనెట్టా చెబుతా?" అని వాడు ఇంటివైపు చూపించి, "ఇంకా కూర్చునే ఉన్నారు లోపల. ఇప్పుడెళ్ళు అన్నా. నేను కూడా వస్తా" అన్నాడు. కుడిచెయ్యి నా భుజం మీద వెయ్యబోయాడు.

ఆ చెయ్యి తోసేశాను. ఇంటికి వచ్చేశాను.

డిసెంబరులో కౌలు ముగిసింది. పెద్దాయన సంతకం పడలేదు కాబట్టి అన్నీ కొత్తగా పెట్టాలని ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు. ఆ సంతకాలు దేవకరన్ పేరు మీద పడ్డాయి. తప్పు ఒప్పుకున్నవాడు మా మనిషి అన్నాడట సకియూసా. పొలంలో మా నాన్న నాటిన చెరకు మొదళ్ళున్నాయి, అవి ఇప్పుడు వాడికి మొలుస్తున్నాయి. దేవకరన్ ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు. "ఉండన్నా, ఇల్లు నీదే" అన్నాడు. ఆ మాటకే ఖాళీ చేశాను.

ఇప్పుడు నేనూ గోవిందమ్మా ఈ అవతలి దీవిలో, సువా పట్నం చివర, రేకుల ఇంట్లో ఉంటున్నాం. దారి పక్కన బ్రేకులు బాగుచేస్తాను. పని బాగా చేస్తాడని పేరుంది. తిమింగలం పన్ను ఇంకా పెట్టెలోనే ఉంది, బట్టలో చుట్టి. దాని పక్కన పాత కౌలు కాగితం ఉంది. గోవిందమ్మ రెండింటినీ ఎండలో పెట్టి తీస్తుంది, బూజు పట్టకుండా. పోయి చెప్పడానికి ఇప్పటికీ ఆలస్యం కాలేదంటుంది అలా పెట్టినప్పుడల్లా. చెబితే భూమి తిరిగిస్తారా అంటాను. భూమి కోసం కాదంటుంది.

నాకు భూమి కోసమే. కాగితంలో పాత ఇంగ్లీషు కొలత ఉంది, చదవక్కర్లేకుండా వస్తుంది నాకు: పదకొండు ఎకరాలు, రెండు రూడులు, పద్నాలుగు పెర్చులు.